మాట పడిపోయినప్పుడు

"కాలుచేయి పడిపోయినవి, మాట పడిపోయినది" అని మన యిండ్లలో ఒక్క గ్రుక్కలో చెప్పుదురు. వినువారు మాత్రము మొదటిదానిని గురించియే అడుగుదురు. కాలు కదలుచున్నదా, చేయి లేచుచున్నదా, నూనె మర్దన చేయించుచున్నారా అని విచారింతురు. మాటను గూర్చి అడుగువారు అరుదు. అది వచ్చినప్పుడు వచ్చునని ఊరకుందురు. పక్షవాతము తగిలిన పెద్దలు ఆసుపత్రి వీడి ఇంటికి వచ్చిన పిమ్మట, ఆ పోయిన మాట విషయమున ఇంటివారు చేయదగినదేమి, చేయరానిదేమి అన్నదే నేటి ప్రసంగ విషయము. మాటయే జీవనోపాధిగా గలవారమగుటచే మాకు ఈ విషయమున కొంత పక్షపాతము ఉండవచ్చును. కాని ఇది మా యింట జరిగిన సంగతి గనుకనే చెప్పుచున్నాము.

మెదడునకు నెత్తురు కొనిపోవు నాళము గడ్డచే మూసికొనిపోయినను, చిట్లినను, ఆ భాగము దెబ్బతినును. మెదడు ఎడమసగము శరీరపు కుడిసగమును నడుపును. కుడిచేతివాటము గలవారిలో అత్యధికులకు భాషాస్థానము గూడ ఆ యెడమసగముననే యుండును. అందుచేతనే కుడి కాలుచేతులతోపాటు మాటయు పోవుట తరచు. మూతి వంకరపోవుట, చేయి వ్రాలిపోవుట, మాట తడబడుట అకస్మాత్తుగా కనిపించినచో ఆ క్షణముననే సి.టి. స్కాన్ గల ఆసుపత్రికి పోవలెను. గడ్డను కరిగించు మందును తగిన రోగులకు సాధారణముగా నాలుగున్నర గంటలలోపుననే ఇత్తురు. అదియు రక్తస్రావము కాదని స్కాన్‌లో తేలిన తరువాతనే. పావురపు నెత్తురు పూయింతమని బయలుదేరువారు ఆ గంటలనే పోగొట్టుకొందురు. ఆ ఘట్టమును గూర్చి ఇంతకుమించి చెప్పబోము.

1861లో పారిస్ చెంత బిసేత్రు ఆసుపత్రిలో పాల్ బ్రోకా అను వైద్యుడు ఒక రోగిని పరీక్షించెను. అతని నేమి అడిగినను "టాన్, టాన్" అనుటయే గాని వేరుమాట రాదు. అట్లని అతనికి తెలివి లేకపోలేదు. అడిగినది చాలవరకు గ్రహించి, సైగలతో బదులు చెప్పుచుండెడివాడు. అతడు మరణించిన పిదప చూడగా మెదడు ఎడమప్రక్క ముందుభాగము చెడియుండెను. 1874లో జర్మనీ వైద్యుడు కార్ల్ వెర్నికె మరియొక విధమును వర్ణించెను. అందు మాటలు ధారాళముగా వచ్చును, వానికి అర్థముండదు. ఇతరులు చెప్పునది గూడ సరిగా బోధపడదు. వైద్యులు వీనిని అఫేషియా అందురు. నాలుక, పెదవుల కండరములు బలహీనమై మాట ముద్దగా వచ్చుట వేరు సంగతి. ఈ మూడింటిలో మనవారికి కలిగినది ఏదియో వైద్యుని అడిగి తెలిసికొనుట మొదటి పని. ఏదైనను అది మతిభ్రమ కాదు.

మేము అది అడుగలేదు. మా నాయనగారు ముప్పదియేండ్లు బడిపంతులుగా పనిచేసినవారు. ఇంటికి తెచ్చిన మొదటి పదునైదు రోజులలో వారి నోట "అదే, అదే" అన్న మాట తప్ప మరియొకటి రాలేదు. మాట లేదు గనుక తెలివియు లేదని మేము నిశ్చయించుకొంటిమి. ఒకనాటి రాత్రి వారి మంచము ప్రక్కనే కూర్చుండి ఖర్చుల లెక్క వేసికొనుచు, ఊరిలోని అరయెకరము అమ్మివేయుదమని అన్నదమ్ములము మాటలాడుకొంటిమి. కొంతసేపటికి మా అమ్మ దీపము తెచ్చి చూడగా వారి చెంపలు తడిసియున్నవి. వారు సర్వము వినుచుండిరి. ఆ రాత్రి తరువాత వారినిగూర్చిన మాట వారి యెదుట వారితోనే అనుటకు అలవాటుపడితిమి. పొలము అమ్మవచ్చునా అని వారినే అడిగితిమి. తల అడ్డముగా ఊపిరి, అమ్మలేదు.

చూడవచ్చు బంధువులు ఇంకొక చిక్కు. వినికిడి బాగుగనే యున్నవారి చెవిదగ్గర పెద్దగా అరతురు. "నేనెవరో చెప్పుకోండి చూద్దాం" అని పరీక్ష పెట్టుదురు. పేరు నోటికి రాక ఆయన తల ప్రక్కకు త్రిప్పుకొన్నచో, "గుర్తుపట్టలేదు పాపం" అని గడప దాటకమునుపే అందురు. మేము ఒక యుపాయము చేసితిమి. వచ్చినవారు తామే "బావగారూ, నేను ఫలానా" అని మొదట చెప్పవలెనని వీధివాకిటనే చెప్పి లోనికి పంపుచుంటిమి.

ఒకనాడు మా చెల్లెలు "ఈవేళ ఏ వారం నాన్నగారూ?" అని అడిగినది. బదులు లేదు. ఆమె ఊరక "ఆదివారం, సోమవారం" అని ఎత్తుకొనగా, వారు అందుకొని శనివారము వరకు తడబాటు లేక చెప్పివేసిరి! మరునాడు పోతనగారి భాగవత పద్యము మొదటి మాట అందింపగా పద్యమంతయు వచ్చినది. మా సంతోషమునకు మేర లేదు. మాట చికిత్స చేయు ఆమె వచ్చి మా యుత్సాహమును కొంత చల్లార్చినది. కంఠస్థమైనవి, పాటలు, ప్రార్థనలు, తిట్లు సొంతమాట కూర్చుకొను త్రోవను పోవక వేరు త్రోవను వచ్చుననియు, అది చూచి మాట తిరిగివచ్చినదని తలపరాదనియు చెప్పినది. అయితే దానిని మెట్టుగా వాడుకొనవచ్చును. అమెరికాలో 1973 ప్రాంతమున ఏర్పడిన పద్ధతి ఒకటి కలదు. "నీళ్లు కావాలి" వంటి చిన్న మాటను రాగము తీయుచు, ఎడమచేతితో తాళము వేయుచు పలికించి, క్రమముగా రాగమును తగ్గించివేయుదురు. మా యింట ఇరువది దినములకు "నీళ్లు" రాగము లేకుండ వచ్చినది. అందరికిని ఇట్లే వచ్చునని చెప్పజాలము.

తిట్ల సంగతి గూడ చెప్పవలెను. జన్మలో పరుషవాక్యమాడని మా నాయనగారు ఒకప్పుడు గ్లాసు జారగా అనరాని మాట అనిరి. మా అమ్మ రెండు దినములు బాధపడినది. అది కోరి అన్న మాట కాదు; వెదకినది దొరకక చేతికందినది వెలికివచ్చుట. అట్లే కళ్లజోడు కావలసి "కాఫీ" అందురు, "అవును" అనబోయి "కాదు" అందురు. కావున విన్నదానిని వస్తువు చూపి నిర్ధారణ చేసికొనవలెను.

వారితో మాటలాడునప్పుడు రేడియో కట్టివేయుడు. ఈ మాట మా నోటనే వచ్చుట విడ్డూరమే గాని, వెనుక ధ్వని యున్నచో వారికి మాట విడివడి వినబడదు. ఎదుట కూర్చుండి, చిన్న వాక్యము, ఒకటే ప్రశ్న. పిదప ఊరకుండవలెను. మా వృత్తిలో పది సెకండ్ల నిశ్శబ్దము అపరాధము; మంచము ప్రక్కన పది సెకండ్లు చాలవు. మేము మూడవ సెకండునకే మాట అందించెడివారము. అందించిన కొలదియు వారు వెదకుట మానిరి. సైగ, బొమ్మ, పలక ఏది సాయపడిన దానిని రానిండు; దానిచే మాట రాకపోవునని భయపడనక్కరలేదు.

ఇంగ్లీషు, తెలుగు రెండును తెలిసినవారితో ఏ భాషలో మాటలాడవలెనని కొందరడుగుదురు. ఏది తేలికగా వచ్చిన దానితోనే. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో 608 మంది పక్షవాత రోగులను పరిశీలించి 2016లో ప్రకటించిన ఫలితములలో, ఆలోచనాశక్తి చెడకుండ నిలిచినవారు ద్విభాషులలో నూటికి సుమారు 40, ఏకభాషులలో సుమారు 20. అఫేషియా కలుగుటలో మాత్రము ఇరువురికిని భేదము కానరాలేదు.

మాట పోయినచోట మ్రింగుటయు చెడవచ్చును. పరుండియున్నవారి నోట గంజి పోయుట మిక్కిలి అపాయము. అది ఊపిరితిత్తులలోనికి పోవును. మ్రింగుటను పరీక్షించినవారు సరేయనిన పిదప, నిటారుగా కూర్చుండబెట్టి కొంచెము కొంచెముగా ఇయ్యవలెను. పడిన చేయి పట్టి లాగి లేపరాదు, భుజము కీలు జారును. రక్తపోటు మందు ఎవరి మాటపైనను ఆపరాదు.

తినుట దగ్గర మాకు పెద్ద పోరాటమే జరిగినది. కుడిచేయి రాదు. ఎడమచేత అన్నము ముట్టుట వారి యాచారమునకు గిట్టదు. మా చెల్లెలు ముద్దలు పెట్టుచుండెను. ఆమెకది ప్రీతి గూడ. నెల గడచినను స్పూను పట్టుకొనలేదు. ఒకనాడు మా అమ్మ వారికెదురుగా విస్తరి వేసికొని, ఏమియు మాటలాడక, ఎడమచేత స్పూనుతో తినసాగినది. మూడవనాడు వారును పట్టుకొనిరి. అన్నము సగము క్రింద పడెను. తుడుచుటకు గుడ్డ సిద్ధముగా నుంచుకొంటిమి.

ఇంటివారి సేవ యొక్కటియే చాలునని మేము చెప్పము. మనదేశమున 14 ఆసుపత్రులలో 1250 మంది రోగులపై జరిగి 2017లో ప్రకటింపబడిన పరిశీలనయందు, ఇంటివారికి తర్ఫీదిచ్చి వారిచేతనే వ్యాయామము చేయించినంత మాత్రమున ఆరునెలల నాటికి మరణములు గాని పరాధీనత గాని తగ్గలేదు. ఇది చదివి కొందరు నిరుత్సాహపడిరి. మాకు తోచునది వేరు: తెలిసినవారు చేయవలసిన పనిని కూతురు, కోడలు మీద వేసి ఊరకుండరాదని. మాట చికిత్స నేర్పు అఖిల భారత సంస్థ మైసూరులో 1965 నుండియు కలదు; ఆ విద్య నేర్చినవారు పెద్ద పట్టణములలో దొరకుదురు. ఆసుపత్రి విడుచునాడే వారి సంగతి అడుగవలెను. మొదటి మూడు నెలలలో మేలు వేగముగా కనబడును. పిమ్మట నెమ్మదించును గాని ఆగిపోదు.

పక్షవాతము తగిలినవారిలో ఇంచుమించు మూడవవంతు మందికి మనోవ్యాకులత కలుగును. నోరున్నవారైన చెప్పుకొందురు. లేనివారు భోజనము తగ్గింతురు, గోడవైపు తిరుగుదురు. అది మొండితనమనుకొనక వైద్యునికి చెప్పవలెను, దానికి మందు కలదు. సేవ చేయువారి సంగతి గూడ అంతే. మా అమ్మ ఏడు నెలలు గడప దాటలేదు. ఇప్పుడు గురువారము మధ్యాహ్నము మేమో తమ్ముడో వంతు తీసికొనగా, ఆమె చెల్లెలింటికి పోవుచున్నది. చెప్పులు తొడుగుకొనుచుండగా నాయనగారు ప్రతివారమును "వద్దు" అందురు. ఆ మాట చాల స్పష్టముగా వచ్చుచున్నది. ఆమె వెళ్లుచునే యున్నది.