రామయ్య సంచిలోని విత్తనాలు

మన మునగాల నుంచి ఖమ్మం ఎంతో దూరం కాదు. ఆ ఖమ్మం పక్కనున్న రెడ్డిపల్లి వాసి దరిపల్లి రామయ్య. వనజీవి రామయ్య అంటే అందరికీ తెలుస్తుంది. సైకిలు మీద మొక్కలు, సంచిలో విత్తనాలు, మెడలో చెట్లను కాపాడమని చెప్పే బోర్డు. అదీ ఆయన వేషం. చూసి నవ్వినవాళ్లూ ఉన్నారు. భార్య జానమ్మ తోడుగా కోటికి పైగా మొక్కలు నాటారని చెబుతారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ తర్వాత కూడా ఆయన సంచి దించలేదు. 2025 ఏప్రిల్ 12న కన్నుమూశారు.

ఆయన పద్ధతిలో ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ. ఎండాకాలంలో విత్తనాలు ఏరడం, వానలు పడగానే రోడ్ల పక్కన, కాలువ గట్ల మీద చల్లడం. వేప విషయంలో ఒక్క జాగ్రత్త కావాలి. వేపగింజకు మొలకెత్తే శక్తి ఎక్కువ కాలం నిలవదు. రాలిన పండ్ల గుజ్జు కడిగి, నీడన ఆరబెట్టి, కొద్ది రోజుల్లోనే నాటాలి. ఏడాదంతా డబ్బాలో దాస్తే లాభం లేదు. కానుగ అంత సుకుమారం కాదు, ఎండనూ నీటి ఎద్దడినీ తట్టుకుంటుంది.

మన నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వరి పొలాలే కంటినిండా కనిపిస్తాయి, నాటేసేవాళ్లు కాసేపు కూర్చునే నీడ మాత్రం కరువు. పెద్ద పథకాల కోసం ఎదురుచూడటం నాకైతే దండగ అనిపిస్తుంది. ఈ తొలకరికి మీ పొలం దారిలో నాలుగు వేపగింజలు పాతండి. మేకల నుంచి కాపాడటానికి చుట్టూ ముళ్లకంప కట్టడం మరిచిపోకండి.