కల్లు మానగానే ఫిట్స్ ఎందుకు?
(స్వర్ణోత్సవ సభలో పూర్వ విద్యార్థి అయిన ఒక డాక్టరు ప్రసంగ పాఠం)

 

మన ఊళ్లలో దావత్ అంటే కల్లు ఉండాల్సిందే. అందుకే ఈ మాట ఇక్కడ చెబుతున్నాను.

2015 సెప్టెంబరులో నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కల్తీ కల్లుపై దాడులు జరిగాయి. కల్లు దొరక్కపోయేసరికి ఎంతోమంది వణుకుతూ, పొంతన లేకుండా మాట్లాడుతూ, ఫిట్స్‌తో ఆసుపత్రుల పాలయ్యారు. కల్లు మానితే మంచిదే కదా, మరి ఇదేమిటి?

మెదడు ఒక బండి అనుకోండి. గాబా అనే రసాయనం దానికి బ్రేకు. గ్లుటమేట్ యాక్సిలరేటర్. రెండూ సరితూగితేనే నిద్ర, మెలకువ, ఆలోచన సక్రమంగా ఉంటాయి. కల్తీ కల్లులో కలిపే ఆల్ప్రాజోలం, డైజిపాం ఆ బ్రేకును ఇంకా గట్టిగా తొక్కుతాయి. రోజూ అలా జరిగితే మెదడు తన సొంత బ్రేకును సడలించుకుని, యాక్సిలరేటర్ పెంచుకుంటుంది. అందుకే ఒక సీసా సరిపోయిన మనిషికి రెండు కావలసి వస్తాయి. ఉన్నట్టుండి మానేస్తే బ్రేకు లేని బండే మిగులుతుంది. ఒక్కోసారి ప్రాణమే పోతుంది. ఏళ్ల తరబడి తాగే సారా, విస్కీలదీ ఇదే దారి.

కాబట్టి గదిలో పెట్టి తాళం వేసి మాన్పించకండి. మనసు గట్టిది కాదని తిట్టకండి. డాక్టరు పర్యవేక్షణలో మందులతో మెల్లమెల్లగా తగ్గిస్తే మెదడు తన తూకం తాను తెచ్చుకుంటుంది. దానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడతాయి. ఆసుపత్రికి రావడానికి మొహమాటపడితే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయించండి. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు అడగరు.

యాభై ఏళ్ల బడి మనది. పక్క బెంచీలో కూర్చున్న స్నేహితుణ్ణి ఆసుపత్రి దాకా తోడు తీసుకెళ్లడం కూడా ఆ బడి రుణం తీర్చుకోవడమే. సెలవు.