బాగుచేయించిన ఇంజనుకు మొదటి అరగంట



మన పల్లెలలో నేటికిని పాత అంబాసిడర్ కార్లు కొన్ని నడుచుచున్నవి. ఆ కారు తయారీ 2014లో ఆగిపోయినది. కాబట్టి ఉన్న బండిని బాగుచేయించి వాడుకొనుటయే మార్గము. పంట అమ్మిన డబ్బుతో ఇంజను విప్పించి, బోరింగు చేయించి, క్రొత్త క్యాము షాఫ్టు, టాపెట్లు వేయించిన కొద్ది రోజులకే ‘టక టక’ మను శబ్దము మొదలై, బండి లాగుడు తగ్గినచో, పెట్టిన ఖర్చంతయు వృథా అగును. ఇందుకు చాలసార్లు కారణము ఇంజనును మొదటిసారి నడిపిన అరగంటలో జరిగిన పొరపాటే.

ఇది ఎట్లు జరుగునో మొదట తెలిసికొందము. అంబాసిడర్ పాత 1489 సి.సి. పెట్రోలు ఇంజనులో క్రాంకు షాఫ్టు రెండు చుట్లు తిరుగునప్పటికి క్యాము షాఫ్టు ఒక చుట్టు తిరుగును. దానిపై కోడిగ్రుడ్డు ఆకారముగల క్యాములు ఉండును. ఒక్కొక్క క్యాము తన టాపెట్టును ఎత్తగా, అది పుష్ రాడ్డు ద్వారా వాల్వును తెరచును. క్యాము, టాపెట్టు ఒకదానినొకటి తగులు చోటు మిక్కిలి సన్నము. వాల్వు స్ప్రింగు బలమంతయు అక్కడనే పడును. బేరింగులకు పంపు ఒత్తిడితో నూనె అందును. క్యాములకు మాత్రము ముఖ్యముగా క్రాంకు షాఫ్టు విసరు చిందులే ఆధారము. ఇంజను మెల్లగా తిరిగినచో చిందులు తక్కువ. కందెన లేని బండి ఇరుసు ఏమగునో మీకు చెప్పనక్కరలేదు.

పనిచేయునపుడు టాపెట్టు తన చోటనే గిరగిర తిరుగుచుండవలెను. తిరుగునది సమముగా అరుగును. తిరుగక నిలిచినది క్యామును తినివేయును. కావున ఇంజను బిగించునపుడు ఈ క్రింది విషయములు గమనింపుడు.

1. క్రొత్త క్యాము షాఫ్టుకు పాత టాపెట్లు ఎన్నడును వేయరాదు. పాత షాఫ్టునే మరల వాడినచో, ఏ టాపెట్టు ఏ క్యాముపై ఉండెనో దానిపైననే ఉంచవలెను. విప్పునపుడే గుర్తులు పెట్టించుడు.

2. ప్రతి టాపెట్టు తన రంధ్రములో చేతితో సులభముగా తిరుగవలెను.

3. క్యాములకు, టాపెట్ల అడుగుభాగములకు మాలిబ్డినము కలిసిన నల్లని ముద్దను పూయించవలెను. ఉత్త ఇంజను ఆయిలు చాలదు.

4. ఆయిలు పంపును, ఫిల్టరును నూనెతో నింపి బిగించవలెను. ప్లగ్గులు తీసి, నూనె ఒత్తిడి కనిపించువరకు మాత్రమే స్టార్టరుతో త్రిప్పవలెను. ఎక్కువ త్రిప్పినచో పూసిన ముద్ద తుడిచిపెట్టుకొనిపోవును.

నూనె విషయములోను జాగ్రత్త అవసరము. జింకు, భాస్వరము మన పొలములకు తెలిసినవే. ఇంజను ఆయిలులోను ఇవి కలిసిన ఒక మందు ఉండును. అది లోహముపై పలుచని పొరయై అరుగుదలను ఆపును. అయితే క్రొత్త కార్ల క్యాటలిటిక్ కన్వర్టరును కాపాడుటకై, 2004లో వచ్చిన ‘ఎస్.ఎం.’ తరగతి పెట్రోలు ఆయిళ్లలో, పలుచని రకములకు భాస్వరము 0.08 శాతమునకు మించరాదని నియమించిరి. ఆధునిక ఇంజనుకు అది చాలును. పాత ఇంజనుకు చాలకపోవచ్చును. కాబట్టి పాత ఇంజన్లకు తగిన, జింకు ఎక్కువగల ఆయిలును అడిగి కొనుడు.

ఇక ముఖ్యమైన అరగంట. రేడియేటరులో నీరు, కార్బొరేటరులో పెట్రోలు నింపి, టైమింగు ముందే సరిచేసి, తాళము త్రిప్పగనే ఇంజను అందుకొనునట్లు సిద్ధపరచవలెను. బండి ఆరుబయట ఉండవలెను. ఇంజను అందుకొనినది మొదలు 20 నుండి 30 నిమిషములు దానిని నిమిషమునకు 2000 చుట్ల వేగమున నడుపవలెను. ఇది స్లో వేగమునకు రెండున్నర, మూడింతలుండును. అప్పుడప్పుడు 1500 మొదలు 2500 వరకు మార్చుచుండవలెను. ‘క్రొత్త ఇంజను గదా, మెల్లగా తిరుగనిత్తము’ అని స్లోలో వదలుట మంచిదనిపించును గాని, క్యాములకు హాని చేయునది అదియే. నీరు కాగినను, నూనె కారినను, ఇంజనును పూర్తిగా ఆపి, లోపము సవరించి, మిగిలిన కాలము మరల అదే వేగమున నడుపుడు.

తరువాత ఆ నూనెను, ఫిల్టరును మార్చివేయవలెను. తీసిన నూనెలో మెరయు లోహపు రజను ఎక్కువగా ఉన్నచో బండిని నడుపక మెకానిక్కుకు చూపుడు. 500 కిలోమీటర్లు నడచిన పిమ్మట టాపెట్ల సందును కొలిపించుడు. ఒక్క టాపెట్టు సందు మాత్రమే పెరుగుచున్నచో అక్కడ క్యాము అరుగుచున్నదని అనుమానింపవలెను.

నారు నాటినరోజు పొలము గట్టున నిలుచుట మీకు అలవాటే. అట్లే ఈ అరగంట షెడ్డులో మెకానిక్కు ప్రక్కన నిలువుడు. మీ ఖర్చు నిలుచును. బండియు చాలకాలము నడచును.