తొలి గిటార్ కొనేముందు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్వర్ణోత్సవం సందర్భంగా మన బడిలో సంగీతం గది మళ్లీ తెరిపించాలని, పిల్లల కోసం 20 గిటార్లు కొనివ్వాలని సంఘం అనుకుంది. "నువ్వు మెకానికల్ ఇంజినీరువి. పైగా ఈ వయసులో గిటార్ నేర్చుకుంటున్నావు. ఎలాంటివి కొనాలో నాలుగు ముక్కలు చెప్పు" అని కార్యదర్శిగారు నన్ను ఇక్కడ నిలబెట్టారు. నేను వాయిద్యకారుణ్ణేమీ కాను. మూడేళ్లుగా నేర్చుకుంటే నాలుగైదు పాటలు వచ్చాయి. కానీ మొదటి గిటార్ తప్పుగా కొనడం ఎలాగో మాత్రం నాకు బాగా తెలుసు.

1986లో పదో తరగతి ఫస్టు క్లాసులో పాసయ్యాను. ఇళయరాజా పాటల్లో గిటార్ వినిపిస్తే రేడియో దగ్గర నుంచి కదిలేవాణ్ణి కాదు. మా నాన్న సహకార సంఘంలో గుమాస్తా. ఫస్టు క్లాసు వస్తే గిటార్ కొనిపెడతానని మాటిచ్చారు. 400 రూపాయలు జేబులో పెట్టుకుని ఇద్దరం బస్సెక్కి విజయవాడ వెళ్లాం. దుకాణంలో గోడకు వేలాడుతున్న వాటిలో ఎర్రగా మెరిసిపోతున్నది నాకు నచ్చింది. నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి, ఎక్కడైనా పగుళ్లున్నాయేమో చూసి, బేరమాడి 380కి ఇప్పించారు. కుండ కొనేవాళ్లు కూడా వేలితో కొట్టి చూస్తారు. మేమిద్దరం ఒక్క తీగ కూడా మీటి చూడలేదు.

ఇంటికొచ్చి ఒక పుస్తకం ముందు పెట్టుకుని మొదలెట్టాను. తీగ నొక్కాలంటే వేలు తెగేంత బలం కావాలి. అంత బలంగా నొక్కినా కార్డు పలికేది కాదు. పలికినా అపశ్రుతిగా ఉండేది. మూడు నెలలు పెనుగులాడి, వేళ్లకు కాయలు కాచాక, దాన్ని గుడ్డలో చుట్టి అటక ఎక్కించాను. నాన్న కోప్పడలేదు. "పోనీలేరా, మన ఇంటా వంటా లేని విద్య" అన్నారు. ఆ మాట నేను 36 ఏళ్లు నమ్మాను. పెళ్లిళ్లలో ఎవరైనా పాడమంటే, నాకు శ్రుతి జ్ఞానం లేదని చెప్పి తప్పించుకునేవాణ్ణి.

2022లో అమ్మను మా దగ్గరికి తీసుకెళుతూ ఊళ్లో ఇల్లు ఖాళీ చేశాం. అప్పటికి నాన్న పోయి ఆరేళ్లయింది. అటక మీది సామాన్లతోపాటు ఆ ఎర్ర గిటార్ కూడా దిగింది. కొలతలతో బతికే ఉద్యోగం కదా, అలవాటు కొద్దీ స్కేలు తీసి కొలిచాను.

పన్నెండో మెట్టు దగ్గర తీగకూ మెట్టుకూ మధ్య 7 మిల్లీమీటర్ల ఎత్తుంది. ఉక్కు తీగల గిటారుకు అక్కడ 2 నుంచి 2.5 మిల్లీమీటర్లుండాలి. తీగ అంత ఎత్తులో ఉంటే నొక్కడమే కష్టం. పైగా నొక్కినప్పుడు తీగ సాగుతుంది, సాగితే బిగువు పెరుగుతుంది, బిగువు పెరిగితే స్వరం పైకి పోతుంది. అంటే వేలు సరైన మెట్టు మీద ఉన్నా స్వరం తప్పే పలుకుతుంది.

అన్నేళ్లు అటక మీది వేడికి ఆ ఎత్తు కొంత పెరిగి ఉండొచ్చు. కానీ మెట్ల దూరాలు వేడికి మారవు కదా. వీణ మెట్లు మైనంలో కూర్చోబెడతారు. తేడా వస్తే మళ్లీ సరిచేయొచ్చు. గిటార్ మెట్లు చెక్కలో దిగగొట్టినవి. అక్కడ లెక్క తప్పితే తప్పినట్టే. మిగిలిన తీగ పొడవును సుమారు 17.8తో భాగిస్తూ పోతే ఒక్కో మెట్టు ఎక్కడ రావాలో తెలుస్తుంది. తీగ పొడవు 650 మిల్లీమీటర్లయితే మొదటి మెట్టు 36.5 దగ్గర, పన్నెండోది సరిగ్గా సగంలో, 325 దగ్గర వస్తుంది. అక్కడి నుంచి బ్రిడ్జి మీద తీగ ఆనే చోటికి కూడా అంతే దూరం ఉండాలి. నొక్కినప్పుడు తీగ సాగుతుంది కాబట్టి ఇంకో పిసరు ఎక్కువే ఉండాలి. నా గిటారులో 8 మిల్లీమీటర్లు తక్కువుంది. అంటే పుట్టుకతోనే అది శ్రుతి తప్పిన గిటార్.

మర్నాడు మా సంగీతం టీచరుగారి ఇంటికి వెళ్లి ఈ సంగతి చెప్పాను. ఆవిడ ఇవాళ ఈ సభలోనే ఉన్నారు. అంతా విని, "అప్పుడే నా దగ్గరికి ఎందుకు తీసుకురాలేదురా?" అన్నారు. సినిమా వాయిద్యమని తిడతారేమోనని భయపడ్డానండీ అన్నాను. ఆవిడ నవ్వి, "ఒక్కసారి మీటి చెప్పేదాన్ని. అయినా శ్రుతి కలవడం లేదని నీకు తెలిసిందంటే నీ చెవి బాగున్నట్టేగా!" అన్నారు.

ఆ మాట నాకు 36 ఏళ్లలో ఒక్కసారి కూడా తట్టలేదు. అపశ్రుతి వినిపించింది కాబట్టి నాకు చెవి లేదనుకున్నాను. చెవి ఉంది కాబట్టే వినిపించింది. ఈ సంగతి నాన్నకు చెప్పలేకపోయాననే బాధ మాత్రం ఉండిపోయింది. తన 380 రూపాయలు కొడుకు చేతకానితనం వల్ల వృథా అయ్యాయనుకునే ఆయన వెళ్లిపోయారు.

ఆ తర్వాత 53వ ఏట నా రెండో గిటార్ కొన్నాను. ఈసారి తెలిసిన కుర్రాణ్ణి వెంటబెట్టుకుని, స్కేలు జేబులో వేసుకుని వెళ్లాను. అప్పుడు నేర్చుకున్నది చెబుతాను. మీలో ఎవరైనా పిల్లలకో మనవలకో కొనేటప్పుడు పనికొస్తుంది.

ముందు ఏ రకమో తేల్చుకోవాలి. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ వేళ్లకు మెత్తన. కానీ దాని మెడ వెడల్పు, చిన్న చేతులకు అందడం కష్టం. ఉక్కు తీగల అకౌస్టిక్ గిటార్ సినిమా పాటలకు బాగుంటుంది. దాని మెడ సన్నం, కాకపోతే మొదటి కొన్ని వారాలు వేళ్లు మండుతాయి. ఎలక్ట్రిక్ గిటార్ నొక్కడం తేలికే గాని, యాంప్లిఫయర్ ఖర్చు అదనం. ఒకదాని తీగలు ఇంకోదానికి వెయ్యకూడదు. ఉక్కు తీగలు ఆరూ కలిసి సుమారు 70 కిలోల బలంతో లాగుతాయి, అంటే ఒక మనిషి వేలాడుతున్నట్టే. నైలాన్ కోసం చేసిన గిటారుకు ఉక్కు తీగలు బిగిస్తే బ్రిడ్జి ఊడి వస్తుంది. చిన్న పిల్లలకైతే ముప్పాతిక సైజువి దొరుకుతాయి, అవే కొనండి.

ఇక దుకాణంలో చెయ్యాల్సిన పరీక్షలు. గిటారును కంటి దగ్గర పెట్టుకుని, తుపాకీ గురి చూసినట్టు మెడ వెంట చూడండి, వంకర తెలిసిపోతుంది. పన్నెండో మెట్టు దగ్గర ఎత్తు కొలవండి. నైలాన్ తీగలకు 3 నుంచి 4 మిల్లీమీటర్ల దాకా ఉండొచ్చు. ప్రతి తీగనూ ప్రతి మెట్టు మీదా నొక్కి మీటండి. ఎక్కడైనా జిర్రుమంటే ఎందుకో అడగండి. చివరగా, పన్నెండో మెట్టుకు సరిగ్గా పైన తీగను నొక్కకుండా తాకీ తాకనట్టు వేలు ఆనించి మీటితే గంటలాంటి స్వరం వస్తుంది. అదే చోట నొక్కి మీటినా ఆ స్వరమే రావాలి. తేడా వస్తే ఎంత మెరుపున్నా దాన్ని గోడకే వదిలెయ్యండి.

వాయించడం తెలిసినవాళ్లు తోడుంటే వాళ్లను వాయించమని, మీరు వెనక్కి తిరిగి వినండి. రంగు కనబడకపోతే చెవి నిజం చెబుతుంది. డబ్బంతా గిటారు మీదే పెట్టకండి. తీగల ఎత్తు సరిచేయించడానికి, ఇంకో సెట్టు తీగలకు, సంచికి కొంత మిగుల్చుకోండి. శ్రుతి చూసుకోవడానికి ఫోనులో ఉచితంగా యాప్ దొరుకుతుంది. కొన్నాక ఎండాకాలం కారులో మాత్రం వదలకండి, జిగురు వదులుతుంది.

ఇప్పుడు మన సంఘానికి నా మనవి. 20 గిటార్లకని చేతిలో ఉన్న డబ్బుకు దొరికే రకం నేను చూసి వచ్చాను. దుకాణంలో ఆరు దించి కొలిస్తే రెండే సరిగ్గా ఉన్నాయి. అదే డబ్బుతో పది మంచివి కొందాం. ప్రతిదాన్నీ కొలిచి, సరిచేయించి ఇద్దాం. ఇద్దరు పిల్లలకు ఒక గిటార్ చొప్పున వంతులేసుకుంటారు. సంచికలో "20 గిటార్ల బహూకరణ" అని వేసుకుంటే ఘనంగా ఉంటుంది, కాదనను. కానీ ఆ ఇరవైలో చెడ్డవి ఎవరి చేతికొస్తాయో, ఆ పిల్లలు తమకు సంగీతం రాదనుకుని ఇంటికెళ్లిపోతారు. మొదటిసారి పట్టుకునేవాడికి తప్పు తనదో వాయిద్యానిదో తేల్చుకునే అనుభవం ఉండదు. తప్పు తనదే అనుకుంటాడు. కొలిచే పని నాది. ఏడాదికి రెండుసార్లు వచ్చి పది గిటార్లూ చూసి, బాగుచేయించి వెళతాను. ఈ మాట సభాముఖంగా ఇస్తున్నాను.

టీచర్లకు కూడా ఒక మనవి. గిటార్ అనే కాదు, లెక్కల తరగతిలో కాంపాస్ అయినా, ల్యాబులో సూక్ష్మదర్శిని అయినా, ఒక పిల్లవాడు "నాకు రావడం లేదండీ" అంటే, ముందు వాడి చేతిలో ఉన్నదాన్ని ఒక్కసారి తీసుకుని చూడండి.

ఆ ఎర్ర గిటార్ ఇవాళ తెచ్చాను, బయట బల్ల మీద ఉంది, పక్కనే స్కేలు కూడా పెట్టాను. భోజనాలయ్యాక వచ్చి మీరే కొలిచి చూడండి. పది కొందామా, ఇరవై కొందామా అన్నది ఆ తర్వాత తేల్చుకుందాం.

సెలవు.