గుండాట బల్ల నుంచి చిప్పు దాకా

(రాజమండ్రి వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



క్యాసినో మిషన్ల సంగతి పెన్షనర్లకెందుకని ఒకరిద్దరు అడిగారు. పెన్షను పడే ఖాతా ఫోనులో ఉంది. ఆ ఫోను మనవడి చేతిలో ఉంది. అందుకని.

సంక్రాంతి బరుల పక్కన గుండాట చూడనివారు మనలో ఉండరు. బల్ల మీద ఆరు బొమ్మలు, పాచికకూ ఆరు ముఖాలు. లాభం ఆడించేవాడిదే. అయినా ముఖాలెన్నో మన కంటికి కనిపిస్తాయి. 1890ల్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో చార్లెస్ ఫే తయారుచేసిన స్లాట్ మిషనూ అలాంటిదే. మూడు చక్రాలు, వాటి మీద బొమ్మలు, పక్కన లాగే పిడి. చక్రానికి 22 చోట్లు ఉంటే మొత్తం 10,648 రకాలుగా ఆగుతుంది. అంతకంటే అరుదైన బహుమతి పెట్టాలంటే చక్రాన్నే పెద్దది చేయాలి.

ఆ ఇబ్బందిని కంప్యూటరు తీర్చింది. ఇంగే టెల్నెస్ అనే ఆయనకు 1984లో అమెరికాలో దీనికి పేటెంటు వచ్చింది. లోపలి చిప్పు, ఎవరూ ఆడకపోయినా, ఎడతెగకుండా అంకెలు వేస్తూనే ఉంటుంది. మీట నొక్కిన క్షణాన ఏ అంకె ఉంటే ఫలితం అదే. ఆపైన చక్రాలు తిరగడం తోలుబొమ్మలాట. చిప్పులో చక్రానికి 64 స్థానాలు రాసుకుంటే రకాలు 2,62,144 అవుతాయి. అద్దంలో మనకు కనిపించేవి మాత్రం ఆ 22 చోట్లే! పెద్ద బహుమతి బొమ్మకు ఒక్క స్థానం ఇచ్చి, దాని పక్క ఖాళీలకు ఎక్కువ ఇస్తే, ఆడేవాడికి "అయ్యో, ఒక్క గడిలో తప్పిపోయిందే" అనిపిస్తుంది. నిజానికది దగ్గరకు వచ్చిందే లేదు. నాకు అన్నిటికన్నా ఘోరంగా తోచేది ఇదే.

ఇక చట్టం మాట. 1968లో మన రాష్ట్రం కేసులోనే సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యం గల ఆట అన్నది. ముక్కలు చేత్తో కలిపే రోజులవి. 2020లో మన ప్రభుత్వం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు, నైపుణ్యమా అదృష్టమా అని చూడకుండా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. అయినా విదేశాల నుంచి నడిపే యాప్‌లు మెసేజీల్లో వస్తూనే ఉన్నాయి. మోసపోయి డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి.

ఇందాక ఒక మిత్రులు అడిగారు, చాలాసేపు ఎవరికీ పడని మిషన్లో ఇక పడక తప్పదు గదా అని. లేదండీ. పోయినసారి ఏం పడిందో ఆ చిప్పు గుర్తుపెట్టుకోదు. గుర్తుపెట్టుకుని మళ్లీ నొక్కేది ఆడేవాడే.