పాత కెమెరా కటకాలు: గుర్తింపు, వినియోగం



ఫిలిం కెమెరాల వాడుక తగ్గిపోగా, అనేక గృహాలలో తాతగారి కెమెరా బీరువా అడుగున మిగిలిపోయింది. కెమెరా చెడినంత మాత్రాన కటకం చెడినట్లు కాదు. తూకానికి అమ్మివేసే ముందు దాని ముఖాన చెక్కిన అక్షరాలను చదవడం సముచితం. అందుకు పాఠశాలలో తెలుగున చదివిన భౌతికశాస్త్రమే చాలును.

సోవియట్ యూనియన్‌లో జెనిట్ కెమెరాల కొరకు తయారైన హీలియోస్-44 కటకంపై 2/58 అని ఉంటుంది. 58 మిల్లీమీటర్లు దాని నాభ్యంతరం. ఆ నాభ్యంతరాన్ని కాంతి ప్రవేశించే రంధ్రపు వ్యాసంతో భాగించగా వచ్చేది 2; అనగా పూర్తిగా తెరచినపుడు వ్యాసం 29 మిల్లీమీటర్లు. ఈ సంఖ్య తగ్గినకొలది వెలుతురు హెచ్చుతుంది. సోవియట్ కటకాలలో అధికభాగం క్రమసంఖ్యలోని తొలి రెండంకెలు తయారైన సంవత్సరాన్ని సూచిస్తాయి.

పేర్లలోనూ చరిత్ర ఉన్నది. టెస్సార్ కటకాన్ని 1902లో జర్మనీలోని యేనా నగరపు జైస్ సంస్థలో పాల్ రుడాల్ఫ్ రూపొందించాడు. రెండవ ప్రపంచయుద్ధానంతరం దేశంతోపాటు ఆ సంస్థయు రెండుగా చీలింది. పేరుపై వివాదం రేగినందున, తూర్పు జర్మనీ నుండి పశ్చిమ దేశాలకు వెళ్లిన కొన్ని కటకాలపై టెస్సార్‌కు బదులు 'టి' అన్న ఒక్క అక్షరమే, జైస్ పేరుకు బదులు 'యేనా నుండి' అను అర్థం గల 'ఔస్ యేనా' అన్న ముద్రయే కనిపిస్తాయి. ప్రసిద్ధమైన పేరు లేదని అట్టివాటిని పారవేయరాదు.

మరచుట్టు గల కటకాలలో 42 మిల్లీమీటర్ల వ్యాసం గలవి విరివిగా లభిస్తాయి. ఇవి బిగింపు తలం నుండి 45.46 మిల్లీమీటర్ల దూరాన ప్రతిబింబాన్ని ఏర్పరుస్తాయి. నేటి అద్దంలేని డిజిటల్ కెమెరాలలో ఈ దూరం తక్కువ కనుక, మిగిలిన ఖాళీని ఒక అడాప్టర్ వలయం పూరిస్తుంది. దూరం 46.5 మిల్లీమీటర్లుగా గల నికాన్ ఎఫ్ తరహా కెమెరాలలో మాత్రం, వలయంలో అదనపు కటకం లేనిదే దూరదృశ్యాలు స్పష్టంగా రావు.

వాడకముందు టార్చి వెలుతురులో కటకాన్ని పరీక్షించాలి. సాలెగూడు వంటి పోగులు కనిపిస్తే అది బూజు. తేమగల ప్రాంతాలలో తోలుసంచిలో ఉంచక, సిలికాజెల్‌తో గాలిచొరని డబ్బాలో ఉంచాలి. కొన్ని టకుమార్ కటకాల గాజులో థోరియం ఉన్నందున అవి పసుపుబారుతాయి. వాటిని విప్పడం, అరగదీయడం కూడదు. ఏ కటకం గుండానైనా సూర్యుని చూడరాదు.

తాతగారు పెళ్లిపందిట్లో తిప్పిన వలయాన్ని మనుమరాలు స్వహస్తాలతో తిప్పి, ప్రతిబింబం స్పష్టమగు తావును తానే కనుగొన్ననాడు, 'నాభ్యంతరం' అన్న మాట పరీక్షకై వల్లించిన పదంగా మిగలదు. ఈ ప్లాటినం జూబిలీ వేళ ఆ అవకాశాన్ని పిల్లలకు దక్కనీయడం పెద్దల చేతిలోనే ఉన్నది.