జెనీవా సరస్సు చెంత కడపటి దినములు
(సంఘ వార్షికోత్సవమున చేసిన ప్రసంగ పాఠము)



విహారయాత్రలో మొదటి దినములు అందరికిని ఒక్క తీరుననే గడచును. కొండలు చూతురు, సరస్సులు చూతురు, ఇంటిని మరతురు. కడపటి దినములలో ఇల్లు మరల జ్ఞప్తికి వచ్చును. చేతిలో మిగిలిన పైకమెంత, వచ్చిన ఉత్తరములకు ప్రత్యుత్తరమేమి, ఎవరికేమి కొని తీసికొనిపోవలెను అను ఆలోచనలు అప్పుడే కలుగును. అందుచేత ఒక జంట స్వభావము తెలియవలెనన్న వారి యాత్రలోని కడపటి భాగమును పరిశీలించుట మేలు. అట్టి పరిశీలనకు తగినది 1816 వేసవిలో ఆంగ్లకవి షెల్లీయు, మేరీయు స్విట్జర్లాండులో గడపిన కాలము.

మన భావకవులకు షెల్లీ ఆరాధ్యుడు. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారిని ఆంధ్ర షెల్లీ అని రసికులు పిలిచిరి. కాని ఆ కవి గృహజీవితము మనలో పెక్కుమందికి తెలియదు. 1816 మే నెలలో జెనీవా చేరునప్పటికి మేరీకి పదునెనిమిది యేండ్లు. వారి కుమారుడు విలియం నాలుగు నెలల పసివాడు. వారికింకను వివాహము కాలేదు. షెల్లీ తన భార్య హారియట్‌ను ఇంగ్లండులో విడిచివచ్చినవాడు. వారి వెంట మేరీ సవతి చెల్లెలు క్లేర్ కూడ ఉండెను. సరస్సు తీరమున వారొక చిన్న యింటను, సమీపముననే విల్లా డియోడాటి అను భవనములో లార్డ్ బైరన్ కవియు నివసించిరి.

ఆ యేడు యూరపున వేసవి లేదనియే చెప్పవలెను. ఎడతెగని వానలు, చలి. పంటలు చెడి రొట్టె ధర పెరిగెను. 1815 ఏప్రిల్‌లో, నేటి ఇండొనీషియాలోని సుంబావా ద్వీపమున తంబోరా అగ్నిపర్వతము బ్రద్దలై, దాని ధూళియు వాయువులును ఆకాశమున వ్యాపించుటయే ఇందులకు ముఖ్యకారణమని శాస్త్రజ్ఞులు తరువాతి కాలమున నిర్ణయించిరి. వాన కారణమున ఇల్లు కదలలేని ఆ మిత్రులు తలకొక దయ్యముకథ వ్రాయవలెనని పంతము వేసికొనిరి. మేరీ కథ ఆ పంతమునుండి పుట్టినది. జూలై కడపట షామొనీ వెళ్లి, మంచుసముద్రమని పేరొందిన హిమనదిని వారు చూచిరి. ఆ కథలో సృష్టికర్తయు, అతడు చేసి విడిచిన ప్రాణియు ఎదురుపడి మాటలాడు తావు ఆ హిమనదియే.

ఇక ఆగస్టు నెల. అది వారి కడపటి మాసము. నాలుగవ తేదీ షెల్లీ జన్మదినము. ఇరువదినాలుగేండ్లు నిండినవి. మేరీ జెనీవా నగరములో ఒక దూరదర్శిని కొని అతనికి కానుక ఇచ్చెను. వేడిగాలి బెలూను నొకదానిని ఎగురవేయబోగా, గాలి అధికమై అది మంటలపాలయ్యెను. ఇవి సామాన్య దంపతుల ముచ్చటలే. కాని ఆ ఇంట ఒక రహస్య భారము కూడ ఉండెను. క్లేర్ బైరన్ వలన గర్భవతి. ఆ శిశువు భవిష్యత్తును గూర్చి షెల్లీ బైరన్‌తో సంప్రదింపులు జరపవలసివచ్చెను.

ఆ దినములలోనే లండనునుండి ఫానీ ఉత్తరములు వచ్చుచుండెను. ఫానీ మేరీకి అక్క. తల్లి ఒక్కతెయే, తండ్రులు వేరు. తల్లి పోయిన పిదప ఆమె మేరీ తండ్రి గాడ్విన్ ఇంటనే పెరిగెను. చెల్లెండ్రిద్దరు ఇల్లు విడిచి వెళ్లగా, ఆ ఇంటి అప్పులును, చింతలును పంచుకొనుటకు ఆమె ఒక్కతెయే మిగిలెను. తన దిగులును ఆమె ఉత్తరములలో దాచలేదు. జెనీవా గడియారములకు ప్రసిద్ధి. ఫానీకై అక్కడ ఒక బంగారు గడియారము కొనిరి. అది ప్రేమతో కొన్నదనుటకు సందేహము లేదు.

ఆగస్టు 26న బైరన్ మిత్రులు హాబ్‌హౌస్, స్క్రోప్ డేవిస్ వచ్చిరి. షెల్లీ ఆ వేసవిలో వ్రాసిన రెండు కవితల ప్రతులు డేవిస్ పెట్టెలో చేరినవి. అతడు 1820లో అప్పులవారికి జడిసి దేశము విడిచెను. ఆ పెట్టె లండనులోని ఒక బ్యాంకు నేలమాళిగలో ఉండిపోయి 1976లో బయటపడెను.

ఆగస్టు 29న షెల్లీ, మేరీ, క్లేర్ బిడ్డతో జెనీవా విడిచిరి. మరునాడు దారిలోనే మేరీకి పందొమ్మిదేండ్లు నిండినవి. డిజోన్, వెర్సాయ్, రూఆన్ మీదుగా ల హావ్ర్ రేవు చేరి, సెప్టెంబరు 8న పోర్ట్స్‌మత్‌లో దిగిరి. క్లేర్ స్థితి లండనులో తెలియకుండుటకై స్త్రీలు బాత్ పట్టణమున మకాము పెట్టిరి.

దిగి నెల తిరిగిన మరునాడే, అక్టోబరు 9న, బ్రిస్టల్‌నుండి ఫానీ వ్రాసిన ఉత్తరము చూచి మేరీ కలతచెందెను. షెల్లీ వెంటనే ఆమెను వెదకుటకు పరుగెత్తెను. ఆమె అప్పటికే ఆ ఊరు దాటిపోయెను. ఆ రాత్రియే స్వాన్సీలోని ఒక సత్రపు గదిలో ఆమె తన ప్రాణము తాను తీసికొనెను. వయస్సు ఇరువదిరెండు. ఆమె వద్ద ఒక బంగారు గడియారమున్నదని అక్కడి వార్తాపత్రిక ప్రకటించెను. డిసెంబరులో హారియట్ కూడ నీటమునిగి మరణించెను. ఆ నెల 30న షెల్లీ, మేరీ వివాహము చేసికొనిరి. మేరీ కథ 'ఫ్రాంకెన్‌స్టైన్' అను పేర 1818 జనవరి 1న, రచయిత్రి పేరు లేకయే వెలువడెను. ఒక ప్రాణిని సృష్టించి, దానిని ఒంటరిగా విడిచిపెట్టినవాని కథ అది.

ఫానీ మరణమునకు ఆ దంపతులే కారకులనుట న్యాయము కాదు. మనస్సులోని వ్యాధికి కారణములు పెక్కు. కాని ఒక్క మాట తోచుచున్నది. ఆమెకు కావలసినది గడియారము కాదు, తమతో ఒక చోటు. తెలుగునాడు విడిచి ఉద్యోగధర్మమున దూరదేశముల వసించు కుటుంబములకు ఈ సంగతి కొత్త కాదు. సెలవునుండి మరలునప్పుడు ఇంటనున్న ప్రతివారికిని ఏదో ఒక వస్తువు కొందుము. అంతకుముందే వారి ఉత్తరమును మరియొకసారి చదివి, అందు వ్రాయనిదేమో గ్రహించుట అవసరము. పిలిచి దగ్గర కూర్చుండబెట్టుకొనదగినవారు ఎవరైన ఉన్నచో, కానుకకన్న ముందు ఆ పిలుపు పోవలెను.